సాగు ఖర్చులో రాయని పద్దు

ప్రతి సీజనుకూ మద్దతు ధర ప్రకటించే ముందు ఢిల్లీలో వ్యవసాయ ఖర్చులు, ధరల కమిషన్ ఒక లెక్క వేస్తుంది. విత్తనం, ఎరువు, పురుగుమందు, ట్రాక్టరు కిరాయి, కూలీ, నీటి ఖర్చు, పెట్టుబడి మీద వడ్డీ రాస్తుంది. ఇంటిల్లిపాదీ చేసే చాకిరీకి ఒక ధర కడుతుంది. దీన్ని ఏ2+ఎఫ్‌ఎల్ అంటారు. సొంత భూమికి కౌలు, సొంత పెట్టుబడికి వడ్డీ కూడా కలిపితే సీ2 అవుతుంది. సీ2 మీద యాభై శాతం కలిపి ఇవ్వాలని స్వామినాథన్ కమిషన్ నివేదిక వచ్చిన 2006 నుంచీ మనం కొట్లాడుతున్నాం. ఇక ముందూ కొట్లాడతాం.

అయితే ఏ2లోనూ సీ2లోనూ ఎక్కడా కనబడని ఖర్చు ఒకటుంది. ట్రాక్టరు చెడిపోతే మరమ్మతు ఖర్చు సాగు లెక్కలోకి వస్తుంది. ఎద్దు మేత కూడా వస్తుంది. అరక పట్టే మనిషి మంచాన పడితే అయ్యే ఖర్చు మాత్రం ఏ లెక్కలోకీ రాదు. అది ఆ ఇంటి సొంత గొడవట! పంట బాగా పండి, ధర కాస్త గిట్టిన ఏడాదిలో కూడా మన ఊళ్లలో భూమి అమ్ముడుపోతున్నదంటే, ఎందుకు పోయిందో ఎవరినైనా అడగండి. పిల్ల పెళ్లి, పిల్లల చదువు, ఆసుపత్రి అన్న మూడు మాటలే వినిపిస్తాయి. మొదటి రెండూ ముందే తెలిసి వచ్చే ఖర్చులు, కనీసం ఒక ఏడాది వాయిదా వేసుకోవచ్చు. మూడోది అర్ధరాత్రి వస్తుంది, వాయిదాకు ఒప్పుకోదు.

ఈ బిల్లును రూపాయల్లో కాకుండా మనకు అర్థమయ్యే కొలతలో చూద్దాం. కేంద్ర గణాంక శాఖ 2017 జులై నుంచి 2018 జూన్ దాకా చేసిన 75వ విడత జాతీయ నమూనా సర్వే ప్రకారం, పల్లెల నుంచి ఆసుపత్రిలో చేరిన వాళ్లకు, కాన్పులను మినహాయిస్తే, ఒక్కసారికి సగటున ప్రభుత్వ ఆసుపత్రిలో 4,290 రూపాయలు, ప్రైవేటులో 27,347 రూపాయలు వైద్యానికి ఖర్చయింది. ఆ ఏడాది సాధారణ రకం వడ్లకు మద్దతు ధర క్వింటాలుకు 1,550 రూపాయలు. అంటే సర్కారు దవాఖానాలో చేరితే మూడు క్వింటాళ్ల లోపు, ప్రైవేటులో చేరితే పదిహేడున్నర క్వింటాళ్లకు పైగా. ఎకరాకు పాతిక క్వింటాళ్లు పండిన మంచి ఏడాదిలో కూడా మూడింట రెండొంతుల ధాన్యం ఆసుపత్రి గుమ్మంలోనే పోసి రావాలి. మిగిలిన దాంట్లోంచి కోత మిషను, ఎరువుల కొట్టు బాకీ, కౌలు తీర్చాలి. ఇదంతా డాక్టరు ఫీజు, మందులు, పరీక్షలు, మంచం అద్దె మాత్రమే. పోయి వచ్చిన చార్జీలు, తోడు వెళ్లిన మనిషి తిండి, ఆగిపోయిన పని ఇందులో లేవు.

ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో కూడా ఆ సర్వే అడిగింది. పల్లెల్లో నూటికి 80 మంది ప్రధానంగా సంపాదన, దాచుకున్నది తీశామన్నారు. 13 మంది అప్పు చేశామన్నారు. 13 చిన్న అంకెలా కనబడవచ్చు. కానీ రైతు ‘దాచుకున్నది’ అంటే బ్యాంకులో మూలుగుతున్న డబ్బు కాదు, వచ్చే పంటకు విత్తనాలకూ దుక్కికీ పక్కన పెట్టుకున్న పెట్టుబడి. అది ఆసుపత్రికి పోయాక పెట్టుబడికి అప్పు తెస్తాడు. సర్వే కాగితంలో అది పంట అప్పుగా నమోదవుతుంది. అసలు కారణం అందులో కనబడదు. 2019లో చేసిన మరో సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 93, తెలంగాణలో 91కి పైగా రైతు కుటుంబాలు అప్పుల్లో ఉన్నాయని తేలింది. ఆ అప్పుల్లో ఎంత భాగానికి మందుల వాసన ఉందో ఊరిలో వడ్డీకిచ్చే వాళ్లను అడిగితే చెబుతారు.

ఇంకా ఒక సంగతి ఉంది. బ్యాంకు మేనేజరు ఆసుపత్రి ఖర్చుకు రాత్రికి రాత్రి డబ్బు ఇవ్వడు. ఇచ్చేది కమీషన్ కొట్టు యజమాని, మిల్లరు, ఎరువుల డీలరు. నూటికి నెలకు రెండో మూడో రూపాయల వడ్డీ ఒక ఎత్తు. పంట చేతికి వచ్చాక వాళ్ల కాటాకే తోలాలన్న షరతు ఇంకో ఎత్తు. తరుగు ఎంత తీసినా, తేమ పేరు చెప్పి ఎంత కోసినా నోరెత్తలేం. మద్దతు ధర ప్రకటించినా అది మన చేతికి రాకపోవడానికి కారణాలు వెతికే పెద్దలు మార్కెట్ యార్డు దగ్గరే ఆగిపోతారు. అక్కడి నుంచి ఇంకో రెండు అడుగులు వేస్తే ఆసుపత్రి బిల్లింగు కౌంటరు కనబడుతుంది.

ఇది మేం మాత్రమే అంటున్న మాట కాదు. డ్యూక్ యూనివర్సిటీలో పనిచేసే అనిరుధ్ కృష్ణ మన నల్గొండ, ఖమ్మం, తూర్పు గోదావరి జిల్లాల్లోని 36 ఊళ్లు తిరిగి, పాతికేళ్లలో ఎవరు పేదరికంలోంచి బయటపడ్డారు, ఎవరు కొత్తగా పడ్డారు అని జనాన్నే అడిగి రాసుకున్నాడు. 2006లో ఆ అధ్యయనం అచ్చయింది. నూటికి 14 కుటుంబాలు పైకి వచ్చాయి, 12 కుటుంబాలు కిందికి జారాయి. ఒక పక్క నీళ్లు తోడుతుంటే ఇంకో పక్క తూము తెరిచి పెట్టినట్టు. అలా జారడానికి జనం చెప్పిన ముఖ్య కారణాల్లో ముందు వరసలో ఉన్నవి అనారోగ్యం, దాని ఖర్చు. ఆ తర్వాత ఆయన రాసిన పుస్తకం పేరే ‘వన్ ఇల్‌నెస్ అవే’. పేదరికానికీ మనకూ మధ్య దూరం ఒక్క జబ్బేనని ఆ పేరు అర్థం.

వైద్యం అందరికీ అందుబాటు ధరలో దొరకాలంటే ఆసుపత్రులు పెరిగితే చాలు, పోటీ వస్తుంది, రేట్లు తగ్గుతాయి అని చెప్పేవాళ్లున్నారు. కెన్నెత్ ఆరో అనే ఆర్థికవేత్త 1963లోనే దీనికి సమాధానం రాశాడు. వైద్యం మిగతా సరుకుల్లాంటిది కాదు. తనకు ఏం కావాలో కొనేవాడికి తెలియదు, అమ్మేవాడికి తెలుసు. అందువల్ల మామూలు బజారు సూత్రం ఇక్కడ పనిచేయదు అన్నాడు. ఇది మనకు కొత్త పాఠమా? చేలో ఆకు ముడుచుకుంటే ఒక ఆకు తుంచుకుని పురుగుమందుల కొట్టుకు పోతాం. తెగులు ఏదో చెప్పేది ఆయనే, డబ్బా చేతిలో పెట్టేది ఆయనే, అరువు రాసుకునేది ఆయనే. ఒక మందుతో పోయే దానికి మూడు డబ్బాలు అంటగడితే కాదనే ధైర్యం మనకు ఉండదు. ఆసుపత్రిలోనూ అంతే. కాకపోతే అక్కడ ముడుచుకుపోయేది ఆకు కాదు.

మన రెండు రాష్ట్రాల్లో దీనికి సాక్ష్యం కావాలంటే కాన్పుల లెక్క చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద నూటికి 21.5 కాన్పులు కోత కాన్పులు. ఆంధ్రప్రదేశ్‌లో 42.4. తెలంగాణలో 60.7, దేశంలోనే ఎక్కువ. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 81.5. పది నుంచి పదిహేను శాతం మించి అవసరం ఉండదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లో చెప్పింది. ఆ లెక్క పాతదని వాదించేవాళ్లు వాదించనీ, రెట్టింపు వేసుకున్నా ముప్పైకి మించదు. మన ఆడపిల్లల ఒంట్లోనే ఏదో తేడా ఉందా? 2015-16 సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో 3.2 శాతం ఉంటే ఆంధ్రలో 8.9, తెలంగాణలో 7.7. వీళ్లలో ఎంతమంది మర్నాటికల్లా నాట్లకు వంగాల్సిన కూలీ తల్లులో మనకు తెలుసు. నడుం నొప్పి అని వెళితే సంచి తీసేసి పంపిన కథ లేని ఊరు ఏది?

ఊళ్లో ఆర్‌ఎంపీ సంగతీ దాచుకోనక్కరలేదు. రాత్రి తలుపు తడితే పలికేది ఆయనే, ఆ మేలు మరిచిపోలేం. కానీ పట్నంలో ఫలానా ఆసుపత్రికే తీసుకుపొమ్మని ఆయన పట్టుబట్టడం వెనుక కమీషన్ ఉన్న చోట్లు ఎన్నో. ఆ కమీషన్ ఆసుపత్రి తన లాభంలోంచి ఇవ్వదు, మన బిల్లులో కలుపుతుంది.

ఇక ఆరోగ్యశ్రీ. 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో అది మొదలైంది. గుండె ఆపరేషను, కాన్సరు చికిత్స పేదవాడికి ఊహకందని రోజుల్లో ఆ కార్డు ఎందరి ప్రాణాలో నిలబెట్టింది. కాదనేవాడు అబద్ధం చెప్పినట్టే. అందుకే అది ఉండాలని, దాన్ని కౌలు రైతుకూ కూలీకీ షరతుల్లేకుండా ఇవ్వాలని మేం ఇప్పటికీ అడుగుతున్నాం. మా తగువు వేరే చోట ఉంది. ప్రజల డబ్బుతో ప్రైవేటు ఆసుపత్రి దగ్గర చికిత్స కొనిపెట్టే పద్ధతి ఇది. ఆ డబ్బుతో మండల ఆసుపత్రి బాగుపడలేదు. రాజన్ శుక్లా, వీణా శత్రుఘ్న, ఆర్. శ్రీవత్సన్ 2011లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో రాసిన వ్యాసం పేరులోనే, ఈ నమూనాలో మొగ్గు ప్రైవేటు రంగానిదేనని తేల్చేశారు. అప్పటి నుంచి ప్రభుత్వాలు మారాయి, పథకానికి పేర్లు మారాయి, మొగ్గు మారలేదు.

2023 డిసెంబరులో ఒకే నెలలో తెలంగాణ పరిమితిని పది లక్షలకు, ఆంధ్రప్రదేశ్ పాతిక లక్షలకు పెంచాయి. వినడానికి ఘనంగా ఉంది. పైన చెప్పిన లెక్క మళ్లీ చూడండి. పల్లె మనిషి ప్రైవేటులో చేరితే సగటు బిల్లు పాతిక లక్షలు కాదు, ఇరవై ఏడు వేలు. రైతును ముంచేది ఆ పాతిక వేలు, ముప్పై వేల బిల్లే. దాంతో పాటు నెలనెలా బీపీ, షుగరు మాత్రలు, స్కానింగులు, రక్తపరీక్షలు, జాబితాలో లేని జ్వరాలు. కార్డు పెద్ద వర్షానికి గొడుగు పడుతుంది. మనం తడిసేది రోజూ కురిసే తుంపరలో. పైగా ఆ గొడుగు కూడా ఎప్పుడు మూసుకుంటుందో తెలియదు. 2025లో రెండు రాష్ట్రాల్లోనూ నెట్‌వర్క్ ఆసుపత్రులు ప్రభుత్వ బకాయిల కోసం సేవలు ఆపేశాయి. వాళ్ల బకాయి తగాదా ప్రభుత్వంతో, వాకిట్లో పడిగాపులు పడ్డది మాత్రం రోగి. సొంత ఆసుపత్రి లేని ప్రభుత్వం గతి ఇంతే. సొంత గిడ్డంగి లేని రైతు మిల్లరు చెప్పిన ధరకు ఒప్పుకున్నట్టు, అది ప్రైవేటు చెప్పిన మాటకు తలొగ్గాల్సి వస్తుంది.

ఇది తెలిసి కూడా ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం 2025 సెప్టెంబరులో పది కొత్త ప్రభుత్వ వైద్య కళాశాలలను ప్రైవేటు భాగస్వామ్యానికి ఇవ్వడానికి ఆమోదం తెలిపింది. ఆదోని, మార్కాపురం, మదనపల్లె వంటి ఊళ్లు ఆ జాబితాలో ఉన్నాయి. మెట్ట రైతు బస్సెక్కి పొద్దుగూకేలోపు వెళ్లిరాగల చోట పెద్దాసుపత్రి రావడమే మహాభాగ్యం అనుకుంటే, దాని తాళంచెవి ఇంకొకరి చేతిలో పెడతామంటున్నారు. మేం దీన్ని వ్యతిరేకిస్తున్నాం.

తెలంగాణ వైపు ఇంకో విచిత్రం. 2018 ఆగస్టు నుంచి రైతు బీమా ఉంది. 18 నుంచి 59 ఏళ్ల లోపు పట్టాదారు రైతు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి 5 లక్షలు ఇస్తారు. పెద్ద దిక్కు పోయిన ఇంటికి ఆ డబ్బు ఎంత ఆసరా అయిందో మేం చూశాం, దాన్ని తప్పు పట్టడం లేదు. కానీ అదే రైతు బతికుండగా పాము కరిచిందని, మందు కొడుతూ కళ్లు తిరిగి పడ్డాడని మండల ఆసుపత్రికి తీసుకుపోతే అక్కడ రాత్రి డాక్టరు ఉండడు. పోయాక ఐదు లక్షలు దొరికే రైతుకు, బతికి ఉండగా సమయానికి ఒక ఇంజెక్షను దొరకదు. పట్టా లేని కౌలు రైతుకైతే ఆ ఐదు లక్షలూ లేవు.

ఉద్దానాన్ని కూడా చూడాలి. కవిటి, సోంపేట, కంచిలి, మందస ప్రాంతాల్లో కొబ్బరి, జీడి తోటల మధ్య ఏళ్ల తరబడి కిడ్నీలు పాడైపోతున్నాయి. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. పోరాటాల తర్వాత డయాలసిస్ ఉచితమైంది, రోగులకు నెలకు 10,000 రూపాయల పెన్షను వచ్చింది, పలాసలో 200 పడకల ఆసుపత్రి వచ్చింది. ఇవి సాధించుకున్నవే, ఎవరూ దానంగా ఇచ్చినవి కావు. అయినా ఆ ఇళ్లలో లెక్క చూడండి. వారానికి రెండుసార్లో మూడుసార్లో డయాలసిస్‌కు పోవాలి. ఒంటరిగా పోలేరు, తోడు ఒకరు కావాలి. జబ్బు ఒకరికి, పని పోయేది ఇద్దరికి. ఆటో ఖర్చు, సూది మందులు, మధ్యలో వచ్చే జ్వరాలు వేరే. చికిత్స ఉచితం అయినంత మాత్రాన జబ్బు ఉచితం కాదని ఉద్దానం చెబుతున్నది. మంచినీళ్లు, ఊరి దగ్గర పరీక్షలు, తొలిదశలోనే గుర్తించే డాక్టరు ముందే ఉంటే ఎన్ని కిడ్నీలు ఆ యంత్రం దాకా పోకుండా ఉండేవి?

మందుల ధర దగ్గర ఒక్క పోలిక చెబితే చాలు. అత్యవసర మందుల గరిష్ఠ ధరలను కేంద్రం 2013 ఔషధ ధరల ఉత్తర్వు ప్రకారం నిర్ణయిస్తుంది. 1995 నాటి ఉత్తర్వులో తయారీ ఖర్చు చూసి ధర కట్టేవాళ్లు. 2013లో దాన్ని తీసేసి, బజారులో ఒక శాతానికి తగ్గకుండా అమ్ముడయ్యే కంపెనీల ధరల సగటు తీసి, దాని మీద దుకాణదారుడికి 16 శాతం లాభం కలిపి ఇస్తున్నారు. టోకు ధరల సూచీ పెరిగితే ఏటా ఏప్రిల్‌లో ఆ మేరకు పెంచుకోవచ్చు. 2022 ఏప్రిల్‌లో అలా 10.77 శాతం, 2023 ఏప్రిల్‌లో 12.12 శాతం పెంచుకోనిచ్చారు. అవే రెండేళ్లలో వడ్ల మద్దతు ధర 1,940 నుంచి 2,040కి, అక్కడి నుంచి 2,183కి పెరిగింది. అంటే 5 శాతం, 7 శాతం. మందుల కంపెనీకి సూచీ ప్రకారం ధర దానంతటదే పెరుగుతుంది, దుకాణానికి లాభం ఉత్తర్వులోనే రాసి ఉంటుంది. రైతు మాత్రం ఖర్చు మీద యాభై శాతం అడిగితే దేశ ఆర్థిక వ్యవస్థ కూలిపోతుందంటారు! ధర కట్టడి చేయడం సాధ్యం కాదా అంటే, 2017 ఫిబ్రవరిలో గుండె స్టెంట్ల ధర కట్టడి చేసినప్పుడు మందుపూత స్టెంటు 29,600 రూపాయలకు దిగింది. ఏ ఆసుపత్రీ మూతపడలేదు. ఆ మరుసటి ఏడాది ఔషధ ధరల సంస్థే ఢిల్లీ ప్రాంతంలో నాలుగు ప్రైవేటు ఆసుపత్రుల బిల్లులు తిరగేస్తే, కొన్ని వస్తువుల మీద లాభం 1,737 శాతం దాకా తేలింది.

ఆసుపత్రి ఖర్చును కూడా మద్దతు ధరలో కలపాలని కొందరు మిత్రులు అంటున్నారు. మాకు ఆ దారి సరైనదిగా తోచడం లేదు. ధాన్యం అమ్మని కూలీకి, తిండిగింజలు మాత్రమే పండించుకునే గిరిజన రైతుకు దానివల్ల ఒరిగేది లేదు. ధర పెరిగిన మేరకు బిల్లు పెరగదన్న హామీ కూడా లేదు. ఒక చేత్తో తీసుకుని ఇంకో చేత్తో అదే కౌంటరులో కట్టి వస్తాం. మండల ఆసుపత్రి మన హక్కు కావాలి. మైదాన ప్రాంతంలో 30 వేల మందికి, ఏజెన్సీలో 20 వేల మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలని ప్రభుత్వం పెట్టుకున్న నియమమే ఉంది. అందులో రాత్రి డాక్టరు, పాము కాటు మందు, పురుగుమందు విరుగుడు, బీపీ, షుగరు మాత్రలు నెలకు సరిపడా, రక్తపరీక్షలు ఉండాలి. ఇది గొంతెమ్మ కోరిక కాదు. తమిళనాడు 1994లోనే మందుల కొనుగోలుకు ప్రభుత్వ సంస్థ పెట్టి, ఊరి ఆసుపత్రి దాకా ఉచితంగా మందులు చేరవేసే పద్ధతి నడుపుతున్నది.

డబ్బెక్కడిది అంటారు. 2025 కల్లా జాతీయోత్పత్తిలో 2.5 శాతం ఆరోగ్యానికి ప్రభుత్వాలు ఖర్చు పెడతాయని 2017 జాతీయ ఆరోగ్య విధానంలో రాసుకున్నది మనం కాదు, వాళ్లే. కోవిడ్ ఖర్చు కలిసి ఉన్న 2021-22లో కూడా అది 1.84 శాతమే. ఆ లెక్కల్లోనే జనం జేబు ఖర్చు వాటా 64 శాతం నుంచి 39కి తగ్గిందని చెప్పుకుంటున్నారు. నూటికి 39 రూపాయలు ఇంకా జబ్బుపడ్డవాడి జేబులోంచే పోతుంటే అది గొప్పలకు పోవాల్సిన అంకె కాదు.

ప్రైవేటు రేట్ల విషయంలో చట్టం లేక కాదు. తెలంగాణలో అమల్లో ఉన్న 2010 నాటి కేంద్ర చట్టం, 2012 నియమాల ప్రకారం ప్రతి ఆసుపత్రీ తన రేట్లను జనం భాషలో బోర్డు మీద రాసి పెట్టాలి. ఆంధ్రప్రదేశ్‌కు 2002 నుంచి సొంత చట్టం ఉంది. రేట్లు ఇంకా ఎందుకు ఖరారు చేయలేదని 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కేంద్రాన్ని నిలదీసింది. ఎరువుల కొట్టులో ధరల బోర్డు లేకపోతే వ్యవసాయాధికారికి ఫిర్యాదు చేయడం మనకు అలవాటే. ఆసుపత్రి ముందు కూడా అదే అలవాటు చేసుకోవాలి. బోర్డు లేని చోట గ్రామ శాఖ తరఫున జిల్లా వైద్యాధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, రసీదు తీసుకోండి.

ఇంకో పని. వచ్చే పంట కోతల దాకా ప్రతి గ్రామ శాఖ ఒక నోటుబుక్కు పెట్టాలి. ఊళ్లో ఎవరు ఆసుపత్రిలో చేరారు, సర్కారా ప్రైవేటా, కార్డు పనిచేసిందా లేదా, బిల్లెంత, అప్పు ఎవరి దగ్గర ఎంత వడ్డీకి తెచ్చారు, పంట ఎవరి కాటాకు తోలారు అని రాయండి. పేర్లు అక్కరలేదు, జబ్బు పేరు కూడా చెప్పడం ఇష్టం లేకపోతే వదిలేయండి. చివరి గడిలో బిల్లును ఆ ఏటి మద్దతు ధరతో భాగించి క్వింటాళ్లలో రాయండి. మండల కమిటీలు ఆ పుస్తకాలన్నీ కలిపితే, ధరల కమిషన్ ముందు మన ప్రతినిధులు పెట్టే సాగు ఖర్చుల పట్టిక పక్కన ఈ రెండో పట్టిక కూడా పెడతాం. బిల్లు ఇవ్వకుండా తెల్లచీటీ మీద అంకె వేసి ఇచ్చిన చోట ఆ చీటీనే పుస్తకంలో అంటించండి.